జారే మెట్లకు జవాబుదారీ ఎవరు?

వెనిస్‌లో గ్రాండ్ కెనాల్‌ను దాటడానికి నాలుగే వంతెనలున్నాయి. మూడు పాతవి. నాలుగోది 2008 సెప్టెంబరులో తెరిచారు. ఒక చివర బస్సులు ఆగే పియాజాలే రోమా, రెండో చివర రైల్వే స్టేషన్. దాని మీద నడిచేది ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రమే కాదు. సూట్‌కేసులు ఈడ్చుకుంటూ, పిల్లల్ని చంకనేసుకుని, బండి తప్పిపోతుందేమోనని ఆదరాబాదరా నడిచేవాళ్లు, పొద్దున్నే పనులకు పోయే ఊరివాళ్లు. అలాంటి దారిలో మెట్ల పలకలు చాలావరకు గాజుతో వేశారు.

ఆ మెట్టు దగ్గర కాస్త ఆగాలి. చలికాలం పొద్దున కాలువ మీద పొగమంచు కమ్ముకుంటుంది. గాజు మీద కంటికి ఆననంత పల్చటి నీటి పొర పరుచుకుంటుంది. రాయి అయితే ఆ తడిని తన గరుకులో ఇముడ్చుకుంటుంది. గాజుకు ఆ గుణం లేదు. పైగా మెట్లన్నీ ఒకే కొలతలో లేవు, వంతెన వంపుతో పాటు మారుతూ పోతాయి. మెట్లెక్కేటప్పుడు మనం ఒక్కొక్కటీ చూసుకుంటూ ఎక్కం. రెండు మెట్లు ఎక్కేసరికి పాదానికి కొలత తెలిసిపోతుంది, మూడోదానికి దానంతటదే లేస్తుంది. ఆ కొలత మధ్యలో మారిందా, కాలు తడబడుతుంది. కింద తడిసిన గాజు ఉంటే మనిషి పడతాడు.

పడ్డారు. ఒకరిద్దరు కాదు. ఏళ్ల తరబడి పడుతూనే ఉన్నారు. దెబ్బలు తగిలినవాళ్లు పరిహారం కోసం నగరపాలక సంస్థ గుమ్మం తొక్కారు. జారకుండా ఉండే పట్టీలు అతికించారు, రసాయన పూతలు పూశారు. ఏదీ నిలవలేదు. చివరికి 2018లో కొన్ని గాజు పలకలు పీకి వాటి స్థానంలో రాయి పరిచారు. 2021 చివర్లో, మిగతా గాజును కూడా మార్చడానికి 5 లక్షల యూరోలు కేటాయించాలని నిర్ణయించారు. తెచ్చే రాయి ట్రాకైట్. వందల ఏళ్లుగా వెనిస్ వీధులకు పరిచిన రాయి అదే. ఆ ఊరి తాపీ పనివాళ్లకు ఎప్పుడో తెలిసిన విషయాన్ని ప్రపంచ ప్రఖ్యాత ఆర్కిటెక్ట్ పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యానికి జనం తమ ఎముకలతోనూ, తమ పన్నులతోనూ మూల్యం చెల్లించారు.

ఆ ఆర్కిటెక్ట్ పేరు శాంటియాగో కలట్రావా. 1951లో స్పెయిన్‌లోని వాలెన్సియా శివారులో పుట్టారు. అక్కడ ఆర్కిటెక్చర్ చదివి, స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ కూడా చదివారు. రెండు విద్యలూ ఒకే మనిషిలో కలవడం అరుదు. తెల్లటి కాంక్రీటు, తెల్లటి ఉక్కు, పక్షి రెక్కలు, చేప ఎముకలు, కనురెప్పల్లాంటి ఆకారాలు. ఫొటో చూస్తే చాలు, ఆయన పని అని ఎవరైనా గుర్తుపడతారు. ఆ ఫొటోల మీద ఈ సంపాదకీయానికి ఫిర్యాదు లేదు. ఫొటోలో పడని మనిషి గురించే ఫిర్యాదు. ఆ భవనంలో నడిచేవాడు, ఆ స్టేషన్లో రోజూ రైలు దిగేవాడు, దాని మరమ్మతుకు పన్ను కట్టేవాడు, చక్రాల కుర్చీలో కూర్చుని ఆ వంతెన వైపు చూసేవాడు. వీళ్లు ఆయన గీతల్లో చాలాసార్లు లేరు.

వెనిస్ ఒక్కచోటే ఇలా జరిగి ఉంటే పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. కానీ వెనిస్ వంతెన తెరవడానికి 11 ఏళ్ల ముందు, 1997లో, స్పెయిన్‌లోని బిల్బావోలో నదిపై ఆయనే ఒక పాదచారుల వంతెన కట్టారు. పేరు జుబిజురి. దాని నడక దారికి కూడా గాజు పలకలే. బిల్బావో వానలు ఎక్కువ పడే ఊరు. అక్కడ కూడా జనం జారిపడ్డారు, పలకలు పగిలాయి, పగిలినవాటిని మార్చడానికి డబ్బు పోసీ పోసీ నగరపాలక సంస్థ విసిగిపోయింది. 2011లో వంతెన మీద పొడుగునా నల్లటి తివాచీ పరిచేసింది. గాజు జారుతుందన్న పాఠం బిల్బావోలో నేర్చుకోవాల్సింది. నేర్చుకోకుండా దాన్నే వెనిస్‌కు తీసుకువెళ్లారు. ఇక్కడే ఇది పొరపాటు స్థాయి దాటి నేరారోపణకు అర్హమవుతుంది.

ఆ జుబిజురి కథలోనే మరో ఘట్టం ఉంది. వంతెన ఒక చివర జనం మెట్లు దిగి, మళ్లీ ఎక్కాల్సి వచ్చేది. ఆ అవస్థ తప్పించడానికి జపాన్ ఆర్కిటెక్ట్ అరాటా ఇసోజాకి డిజైన్ చేసిన చిన్న నడక దారిని నగరం దానికి కలిపింది. కలపడానికి పిట్టగోడ కడ్డీలు కొన్ని కోయాల్సి వచ్చింది. కలట్రావా కోర్టుకెక్కారు. తన కళాకృతిని పాడుచేశారని, ఆ దారి తీసేసి 2.5 లక్షల యూరోలు ఇవ్వాలని, తీయకపోతే 30 లక్షలు ఇవ్వాలని అడిగారు. కింది కోర్టు ప్రజల అవసరమే పెద్దదని చెప్పింది. పైకోర్టు 2009లో ఆయనకు 30 వేల యూరోలు ఇప్పించింది. చట్టం ప్రకారం ఆయనకు ఆ హక్కు ఉండవచ్చు. కానీ జనం కాలి కింద దారిని ఎవరూ తాకకూడని శిల్పంగా చూసే ఆ దృష్టే ఇక్కడ అసలు సమస్య. శిల్పం చుట్టూ తాడు కట్టి, దూరంగా నిలబడి చూడమనవచ్చు. వంతెనకు తాడు కట్టలేం.

అదే ఊళ్లో ఆయన కట్టిన విమానాశ్రయం 2000లో తెరిచారు. తెల్లటి పావురం రెక్కలు విప్పినట్టుంటుంది. కస్టమ్స్ దాటి బయటికొచ్చిన ప్రయాణికుడు నేరుగా చలిలోకి వచ్చిపడేవాడు. వచ్చేవాళ్ల కోసం ఎదురుచూసే చుట్టాలకు లోపల నిలబడే చోటు లేదు. తర్వాత అధికారులు గాజు గోడ కట్టించి ఆ కష్టం కొంత తగ్గించారు. ఊరి నుంచి వచ్చే కొడుకు కోసం పూలదండ పట్టుకుని గంటల తరబడి నిలబడే కుటుంబాలు మనకు తెలుసు. ఎదురుచూపులు లేని విమానాశ్రయం ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా?

ఇక వాలెన్సియా. ఇది ఆయన సొంత ఊరు. అందుకే ఇక్కడి లెక్కే అన్నిటికంటే పెద్దది.

వాలెన్సియా మధ్య నుంచి తూరియా నది పారేది. 1957 అక్టోబరులో వరద ఊరిని ముంచేసి 80 మందికి పైగా ప్రాణాలు తీసింది. దాంతో నదినే ఊరికి దక్షిణంగా మళ్లించారు. ఎండిపోయిన పాత నదీగర్భంలో పెద్ద రోడ్డు వేయాలని ప్రభుత్వం అనుకుంది. ఊరి జనం ఒప్పుకోలేదు, ఉద్యమం చేసి తోట వేయించుకున్నారు. ఇప్పటికీ అది ఊరికి ఊపిరి. ఆ తోట చివర్లో 1990ల నుంచి కళలు, విజ్ఞాన శాస్త్రాల నగరం లేచింది. కంటి ఆకారంలో ప్లానెటోరియం 1998లో, సైన్సు మ్యూజియం 2000లో, ఒపేరా హౌస్ 2005లో, అగోరా అనే ఎత్తైన మందిరం 2009లో. ఓషనోగ్రాఫిక్ అనే అక్వేరియం ఒక్కటి ఫెలిక్స్ కాండేలా డిజైన్, మిగతా ప్రధాన భవనాలన్నీ కలట్రావావే. మొదట 30 కోట్ల యూరోల్లో అవుతుందన్నారు. చివరికి ఖర్చు 100 కోట్లు దాటిపోయింది. అందులో ఆర్కిటెక్ట్‌కు దాదాపు 9.4 కోట్ల యూరోలు ముట్టాయని ప్రాంతీయ శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడొకరు బిల్లులు బయటపెట్టారు.

ఇంత పోసి కట్టిన ఒపేరా హౌస్‌లో 150 దాకా సీట్లలో కూర్చుంటే వేదిక సరిగా కనిపించదని అంతర్జాతీయ పత్రికలు రాశాయి. సైన్సు మ్యూజియాన్ని మొదట్లో, మంటలు అంటుకుంటే తప్పించుకునే మెట్లు గానీ, వికలాంగులకు లిఫ్టులు గానీ లేకుండా కట్టారనీ రాశాయి. పిల్లలు బడుల నుంచి బస్సుల్లో వచ్చే మ్యూజియం అది. నదీగర్భంలో కట్టిన ఒపేరా హౌస్ 2007 అక్టోబరు వానలకు కింది అంతస్తుల్లో నీళ్లు నిండి, వేదిక యంత్రాలు పాడయ్యాయి. నది పోయినా పల్లం పోలేదు కదా.

అన్నిటికంటే చెప్పుకోవాల్సింది పైకప్పు సంగతి. మన మేడల మీద మేస్త్రీలు చైనా మొజాయిక్ పరచడం చాలామంది చూసే ఉంటారు. పగిలిన తెల్ల టైల్స్ ముక్కలను కాంక్రీటు మీద వాలు చూసుకుని, సిమెంటులో కూర్చి, సందులు పూడుస్తారు. ఎండకు వేడి తగ్గుతుంది, వానకు నీరు దిగదు. వాలెన్సియా, బార్సెలోనా ప్రాంతాల్లో కూడా ఆ పని ఉంది. ట్రెంకాడీస్ అంటారు. బార్సెలోనా ఆర్కిటెక్ట్ గౌడీ కాలం నుంచీ దానికి పెద్ద పేరు. అయితే గౌడీ ఆ ముక్కలను కూర్చింది ఇటుక, రాతి కట్టడాల మీద. కలట్రావా ఒపేరా హౌస్‌లో వాటిని వంపు తిరిగిన ఉక్కు రేకుల మీద అతికించారు. తేడా ఎండలో తెలుస్తుంది. మధ్యధరా ఎండకు వేడెక్కిన ఉక్కు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. 100 మీటర్ల ఉక్కు, 40 డిగ్రీల తేడాకు దాదాపు 5 సెంటీమీటర్లు కదులుతుంది. పింగాణీ ముక్క అంత కదలదు. మధ్యలో జిగురు ఒక్కటే ఆ రెండింటి మధ్యా నలుగుతుంది. రోజుకొకసారి, ఏడాదికి 365 సార్లు. భవనం తెరిచి పదేళ్లు కూడా కాకముందే చర్మం ముడతలు పడ్డట్టు పైకప్పు ఉబ్బింది. 2013 డిసెంబరులో గాలి గట్టిగా వీచేసరికి ముక్కలు ఊడి కింద పడ్డాయి. భవనం మూసేసి, ప్రదర్శనలు ఆపేసి, ఆ మొజాయిక్ అంతా పెరికేయాల్సి వచ్చింది. ఆర్కిటెక్ట్, కట్టిన కంపెనీలు ఆ ఖర్చు భరించక తప్పలేదు.

మనూళ్లో మేస్త్రీని అడిగినా ఈ మాట చెప్పేవాడు. రేకు మీద టైలు నిలవదని. ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ ఉన్న మనిషికి తెలియదని ఎలా అనుకుంటాం? తెలిసి కూడా ఆకారమే ముఖ్యమనుకున్నారని అనుకోవాల్సి వస్తోంది.

అదే కాలంలో వాలెన్సియా ప్రాంతీయ ప్రభుత్వ ఖజానా ఎలా ఉందో చూడండి. 2011లో మందుల బిల్లులు చెల్లించకపోవడంతో ఔషధ దుకాణాలవాళ్లు సమ్మెకు దిగారు. 2012 ఫిబ్రవరిలో చలికి వణుకుతున్నాం, బడిలో హీటర్లు వేయడం లేదంటూ విద్యార్థులు వీధుల్లోకి వస్తే పోలీసులు లాఠీలకు పనిచెప్పారు. ఆ జూలైలో, మమ్మల్ని ఆదుకోమని కేంద్ర ప్రభుత్వం ముందు చెయ్యి చాచిన మొదటి ప్రాంతం వాలెన్సియా. ఆ దుస్థితికి కారణం ఈ భవనాలు మాత్రమే కాదు. స్థలాల బుడగ పేలింది, బ్యాంకులు కూలాయి, విమానాలు రాని విమానాశ్రయం కూడా కట్టారు. కానీ హీటరు లేని తరగతి గదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్న పిల్లకు, 100 కోట్లు దాటిన ఆ తెల్ల భవనం కిటికీలోంచి ఎలా కనిపించి ఉంటుంది?

న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర కలట్రావా డిజైన్ చేసిన రైల్వే స్టేషన్ ఆక్యులస్ మన వాళ్లకు బాగా తెలుసు. జెర్సీ సిటీలో ఉంటూ మాన్‌హట్టన్‌కు ఉద్యోగాలకు పోయే తెలుగువాళ్లు రోజూ పాత్ రైలు దిగేది అక్కడే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్లి ఆ తెల్లటి పక్కటెముకల కింద నిలబెట్టి ఫొటో తీయని ఇల్లు ఆ చుట్టుపక్కల అరుదు. ఆ హాలు నిజంగానే గొప్పగా ఉంటుంది. తల ఎత్తినవాళ్లు ఒక్క క్షణం మాట మర్చిపోతారు. దాన్ని కాదనడం లేదు.

కాని దాని ఖర్చు? 2004లో డిజైన్ చూపించినప్పుడు 200 కోట్ల డాలర్లు, 2009 కల్లా పూర్తి అన్నారు. 2016 మార్చిలో తెరిచేసరికి దాదాపు 400 కోట్లు అయింది. ఆలస్యానికీ, ఖర్చుకూ ఆర్కిటెక్ట్ ఒక్కడే కారణమంటే అబద్ధమవుతుంది. పక్కనే ఉన్న స్మారక స్థలాన్ని సెప్టెంబరు 11 దాడుల పదో వర్ధంతికి తెరవాలన్న రాజకీయ ఒత్తిడి ఉంది. కింద సబ్‌వే నడుస్తూనే ఉండాలన్న షరతు ఉంది. స్టేషన్ కట్టించిన పోర్ట్ అథారిటీలో ఎప్పటికప్పుడు మారిన అధికారులున్నారు. అయినా మొదటి బొమ్మలో పక్షి రెక్కల్లా తెరుచుకుని మూసుకునే కప్పును చూపించి అందరినీ ముగ్ధుల్ని చేశారు. ఖర్చు చూసి 2008లో దాన్ని వదిలేశారు. రెక్కలు కదలడం మానేశాయి, రెక్కల ఆకారం మాత్రం మిగిలింది. ఉపయోగం పోయిన ఆకారానికి ఉక్కు కోస్తూనే ఉన్నారు.

మిగిలింది నడినెత్తిన పొడవాటి గాజు కిటికీ. ఏటా సెప్టెంబరు 11న దాన్ని తెరిచేలా ఏర్పాటు చేశారు. రెండో టవర్ కూలిన 10 గంటల 28 నిమిషాలకు ఎండ నేరుగా హాలు మధ్యలో పడేలా భవనాన్ని దిశ తిప్పి కట్టారు. చనిపోయినవాళ్లకు అది గంభీరమైన నివాళి, మనసును తాకే ఆలోచన. కాని 2018లో కిటికీని తెరిచి మూసేటప్పుడు రబ్బరు సీలు చిరిగింది. వానపడితే హాల్లోకి నీళ్లు కారసాగాయి. పోర్ట్ అథారిటీ జలనిరోధక టేపు తెప్పించి అతికించింది. దాని ఖర్చే 30 వేల డాలర్లు. మరుసటి ఏడాది కిటికీ తెరవలేదు. 400 కోట్ల డాలర్ల భవనంలో నివాళి కోసం కట్టిన ఒకే ఒక్క కదిలే భాగం రబ్బరు ముక్క దగ్గర ఆగిపోయింది.

ఇంకా ఉన్నాయి. స్పెయిన్‌లో ఒక ద్రాక్షసారాయి కర్మాగారం ఆయన డిజైన్. అల కెరటంలాంటి పైకప్పు. 2001లో కట్టారు, కారుతూనే ఉంది. చివరికి యజమానులు కోర్టుకు వెళ్లారు. ఓవియెడోలో సమావేశ మందిరం కడుతుండగానే 2006లో ఒక భాగం కూలి పనివాళ్లు గాయపడ్డారు. కదిలేలా డిజైన్ చేసిన దాని కప్పు ఎప్పుడూ కదల్లేదు. అక్కడా వ్యవహారం కోర్టుకెక్కి, లక్షల యూరోల పరిహారం కట్టాల్సి వచ్చింది. అన్నీ ఏకరువు పెడితే స్థలం చాలదు.

అభిమానుల వాదన ఒకటుంది, దాన్ని తోసిపుచ్చలేం. గొప్ప కట్టడాలు ఎప్పుడు లెక్క ప్రకారం అయ్యాయి? సిడ్నీ ఒపేరా హౌస్ 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లన్నారు, 10.2 కోట్లయింది, ఇవాళ అది లేని సిడ్నీని ఊహించగలమా? వాలెన్సియాకు పర్యాటకులు ఎందుకొస్తున్నారు? నిజమే. ఖర్చు పెరగడం ఒక్కటే నేరమైతే లోకంలో సగం కట్టడాలను ఈ బోనులో నిలబెట్టాలి. మనుషులకు అందం అవసరం. పేదవాడికి మరీ అవసరం, ఎందుకంటే అతని ఇంట్లో అది దొరకదు, ఊరుమ్మడి చోటే దొరకాలి. అందం మీద ఖర్చు వృథా అనే పిసినారి వాదం మాది కాదు.

మా వాదం వేరే. సిడ్నీ ఒపేరా హౌస్ మెట్లను మనుషులు జారిపడేలా డిజైన్ చేయలేదు. కలట్రావాకు చేతకాదా అంటే, అదీ కాదు. జూరిక్‌లో స్టాడెల్‌హోఫెన్ స్టేషన్‌కు వెళ్లి చూడండి. 1990లో పూర్తయింది. కొండ వాలుకు ఆనుకుని, వంపు తిరిగిన పట్టాల పక్కన ఇరుకైన జాగా. ఆ ఇరుకులోనే ప్లాట్‌ఫాంలు, పైన నడక దారి, కింద దుకాణాల వరస. కాంక్రీటు పక్కటెముకలు అక్కడా ఉన్నాయి, కానీ ఊరికే లేవు, కొండను మోస్తున్నాయి. ముప్పయ్యేళ్లు దాటినా జూరిక్ జనం రోజూ దానిలో నుంచి ఆఫీసులకు పోతున్నారు. అమెరికాలోని మిల్వాకీ మ్యూజియంలో 217 అడుగుల రెక్కలు 2001 నుంచి తెరుచుకుంటున్నాయి. గాలి మరీ బలంగా వీస్తే సెన్సర్లు పసిగట్టి వాటంతటవే ముడుచుకుంటాయి. చేతనైన మనిషి చేయకపోవడమే మా కోపం. కుర్రవాడిగా ఉన్నప్పుడు స్విస్ రైల్వేల కోసం పనిచేసిన ఇంజనీరు, తర్వాత ముఖ్యమంత్రులూ మేయర్లూ క్యూ కట్టిన ప్రముఖుడయ్యారు. అడిగేవాళ్లు తగ్గారు. ఈ బొమ్మలోని గాజు వాన పడితే ఏమవుతుందని, ఈ రేకు ఎండకు ఏమవుతుందని నిలదీసే మనిషి ఆ గదిలో లేకుండా పోయాడు.

కాబట్టి బోనులో ఆయన ఒక్కరే నిలబడకూడదు. సంతకం పెట్టినవాళ్లూ నిలబడాలి. వాలెన్సియా పథకం సోషలిస్టుల హయాంలో మొదలైంది. తర్వాత వచ్చిన పాపులర్ పార్టీ ప్రభుత్వం బొమ్మలో ఉన్న ఎత్తైన కమ్యూనికేషన్ల టవర్‌ను తీసేసి, ఒపేరా హౌస్ పెట్టింది. పార్టీలు మారాయి, బొమ్మలు మారాయి, బిల్లు ఆగలేదు. ప్రారంభోత్సవం రోజు రిబ్బను కత్తిరించడానికి ఉన్నంత తొందర, పదేళ్ల తర్వాత ఆ కప్పు ఎవరు తుడుస్తారని అడగడానికి లేదు. ఖర్చులో శాతంగా ఆర్కిటెక్ట్ ఫీజు లెక్కగట్టే పద్ధతి ఎక్కడున్నా ప్రమాదమే. ఖర్చు పెరిగితే ఫీజు పెరుగుతుంది, పొదుపు చేసినవాడికి నష్టం. ఎంత నిజాయితీపరుణ్ని పెట్టినా ఆ ఒప్పందం అతణ్ని తప్పుదారిలోకే లాగుతుంది. నిర్వహణ ఖర్చుకు డిజైన్ చేసినవాడు బాధ్యుడు కాకపోవడం ఇంకో రోగం. గాజు పలక పగిలినప్పుడల్లా కొత్తది కొనేది నగరపాలక సంస్థ. పలకల కొలత ఒక్కోటి ఒక్కోలా ఉంటే, ఒక్కొక్కటీ ప్రత్యేకంగా చేయించాలి. ఆ మాట ఒప్పందం రోజు ఎవరూ మాట్లాడరు.

ఈ మాటలు మనకెందుకు అనుకోనక్కర్లేదు. అమరావతిలో శాసనసభ, హైకోర్టు భవనాల డిజైన్ లండన్‌కు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ చేసింది. కలట్రావాకు దానితో ఏ సంబంధమూ లేదు, ఆయన తప్పులను ఇంకొకరికి అంటగట్టడం అన్యాయం. ఆ సంస్థకు వేరే చరిత్ర, వేరే పేరు ఉన్నాయి. అయితే 2017లో మనం ఆ భవనాల గురించి మాట్లాడుకున్న తీరు గుర్తుచేసుకోండి. శాసనసభకు వజ్రం ఆకారమా, 250 మీటర్ల సూదిమొన టవరా అన్నదే చర్చ. సినీ దర్శకుడు రాజమౌళి సలహా అడిగితే, అరసవల్లి సూర్యదేవాలయంలోలా సూర్యకిరణాలు వచ్చి లోపలి తెలుగు తల్లి విగ్రహాన్ని తాకే ఏర్పాటు సూచించారు. అందమైన ఊహే. తప్పేం లేదు. ఆక్యులస్‌లోనూ సరిగ్గా అలాంటి ఊహే మనసుల్ని గెలిచింది. ఇప్పుడు పనులు మళ్లీ మొదలయ్యాయి. మే నెలలో కృష్ణా తీరపు ఎండకు ఆ గాజు, ఆ ఉక్కు ఎంత సాగుతాయి, వాటిని చల్లబరిచే కరెంటు బిల్లు ఏడాదికి ఎంత, 250 మీటర్ల ఎత్తున అద్దం పగిలితే మార్చేదెవరు, అర్జీ పట్టుకుని వచ్చే పల్లెటూరి మనిషి ఏ గుమ్మంలోంచి, ఎన్ని మెట్లెక్కి లోపలికి వెళ్తాడు, నడవలేని ముసలమ్మ అదే గుమ్మంలోంచి వెళ్లగలదా, పక్క గుమ్మానికి పంపిస్తారా? ఈ లెక్కలు, ఈ నక్షలు టెండరు కాగితాలతో పాటే జనం ముందు పెట్టాలి. భవనం పూర్తయ్యాక అడిగితే ఏం జరుగుతుందో వెనిస్ చూపించింది.

వెనిస్ వంతెనకు 70 లక్షల యూరోలు అవుతుందనుకున్నారు, కోటీ 10 లక్షలు దాటింది. వంపు మరీ తక్కువ కాబట్టి అది రెండు ఒడ్డులనూ బలంగా నెడుతుంది. అందుకే ఒడ్డులు ఎంత కదిలాయో కొలుస్తూనే ఉండాల్సి వస్తోంది. 2019 ఆగస్టులో ఇటలీ ఆడిట్ కోర్టు, కలట్రావాది కొట్టొచ్చినట్టు కనిపించే నిర్లక్ష్యమని తేల్చి, 78 వేల యూరోలు కట్టమంది. అంతే. కోటికి పైగా ఖర్చు, అందులో పూర్తి జవాబుదారీ 78 వేలు.

ఆ తీర్పులో కూడా లేని మనుషులు ఇంకా మిగిలే ఉన్నారు. వంతెన తెరిచిన రోజున చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు దాని మీద దారి లేదు. అన్నీ మెట్లే. వికలాంగుల సంఘాలు నిరసన తెలిపాయి. ఏళ్ల తర్వాత, 2013లో, వంతెన పక్కనే కోడిగుడ్డు ఆకారంలో ఒక పెట్టె తగిలించి, అందులో కూర్చోబెట్టి తీగల మీద అవతలికి లాగే ఏర్పాటు చేశారు. దానికి మరో 15 లక్షల యూరోలకు పైగా. అది నత్తనడకన కదిలేది. ఎండాకాలం లోపల ఉక్కపోసేది. మాటిమాటికీ చెడిపోయేది. చివరికి 2020లో దాన్ని తీసేశారు. నడిచేవాళ్లు రెండు నిమిషాల్లో దాటే ఆ దూరానికి, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఇవాళ్టికీ రేవుకు వెళ్లి, పడవ కోసం ఆగి, ఒక్క స్టాపు ప్రయాణించి అవతల దిగాలి.